కొలతకొక తోడు

వార్ధక్యము మనుష్యునినుండి క్రమక్రమముగా తీసికొనిపోవువానిలో చూపును, వినికిడిని, నడకను గూర్చి లోకము తరచుగా చెప్పుకొనును గాని, వానికంటె సూక్ష్మమైనదియు, పోయినట్లు తెలియకుండగనే పోవునదియు నగు మరియొకటి కలదు. అది తన శరీరమును గూర్చి తాను మాటలాడు అధికారము. ముప్పదియేండ్లవాడు వైద్యునియొద్దకు పోయినచో తన బాధ తానే చెప్పుకొనును. డెబ్బదియేండ్లు దాటినవానిని కుమారుడు తీసికొనిపోవును, వైద్యుడు కుమారుని వంక చూచి "నిద్ర పడుతోందా? మందులు సరిగా వేసుకుంటున్నారా?" అని అడుగును, కుమారుడు ప్రత్యుత్తరమిచ్చును, మందుల చీటి కుమారుని జేబులోనికి పోవును, ఎవని దేహమును గూర్చి ఈ సంభాషణ యంతయు జరిగినదో ఆ పెద్దమనిషి బల్లమీద కూర్చుండి, పైకి మడచిన చొక్కాచేతిని మెల్లగా దించుకొనుచుండును. ఇందెవరి దోషమును లేదు, ఉన్నదంతయు ప్రేమయే. కాని ప్రేమ వలన కలిగినను, ఆ లోపము లోపమే.

ఈ లోపము మిక్కిలి హాని చేయునది రక్తపోటు అను వ్యాధియందు. జ్వరము ఒంటిని కాల్చి తన రాకను చాటును. పంటిపోటు రాత్రికి రాత్రి ఇల్లెల్ల మేల్కొలుపును. రక్తపోటు మాత్రము ఏండ్ల తరబడి ఏ బాధయు కలిగింపక, గుండెను, మూత్రపిండములను, మెదడులోని సన్నని నాళములను లోలోన శిథిలము చేయుచుండును. బాధ లేని వ్యాధిని గూర్చి బాధితుడు తాను చెప్పగలిగినదేమున్నది? కావున అతనికి మరియొక సాధనము కావలెను. చేతిపట్టీ చుట్టి మీట నొక్కినంతనే అంకెలు చూపు చిన్న యంత్రము అట్టి సాధనము. అయితే ఆ అంకె ఒంటరిగా నున్నంతకాలము అది జ్ఞానము కాజాలదు. ఒక్కొక్కప్పుడు భయము మాత్రమే కాగలదు. దానిని చదివి, అడిగి, అర్థము చెప్పు విజ్ఞుడొకడు నడచిపోదగిన దూరములో నుండవలెను. అట్టివాడు మన ఊళ్ళలో ఇదివరకే ఉన్నాడనియు, మందుల దుకాణపు బల్ల వెనుక నిలుచుండియున్నాడనియు, మనమే అతనిని చిల్లర లెక్కపెట్టు పనికి పరిమితము చేసితిమనియు చెప్పుటయే నా ఉద్దేశము.

విజయనగరమునుండి శ్రీకాకుళపు దిక్కుగా పోవు రైలుమార్గమున నెల్లిమర్ల దాటిన పిదప, చీపురుపల్లికి ముందు గరివిడి తగులును. ఈ చుట్టుపట్ల భూమి అడుగున మాంగనీసు ఉన్నది. పంతొమ్మిదవ శతాబ్దపు చివరి దశాబ్దమునందే కోడూరు మొదలైన చోట్ల దానిని త్రవ్వుట ప్రారంభమైనది. 1950ల దశకమున శ్రీరామనగర్‌లో ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారము వెలసి, ఊరివారి నోట "ఫేకర్" అయి, చుట్టుప్రక్కల పల్లెలనుండి పొలము పనులవారిని కొలుముల పనివారిగా మార్చినది. ఆ తరమువారు నేడు వృద్ధులైరి. పిల్లలు విశాఖపట్టణమున, హైదరాబాదున, కొందరు సముద్రములకావల ఉన్నారు. సాయంకాలమైనంతనే అరుగులమీదికి చేరు ఈ పెద్దలు పంటలను, రాజకీయములను ముగించి తప్పక వచ్చి చేరు ప్రసంగము బీపీ, సుగరు. ఎవరికే మాత్ర పడినది, ఎవరికే మాత్ర పడలేదు అనునది.

ఈ ప్రాంతపు రక్తపోటును గూర్చి ఆలోచించునప్పుడెల్ల నాకు ఉప్పును గూర్చిన తలంపొకటి వచ్చును. కొలిమి ముందర నిలిచి పనిచేయువాని ఒంటినుండి చెమట ధారలుగా కారును. ఆ చెమటతో ఉప్పును పోవును. ఇంటికి వచ్చినవానికి చోడి అంబలిలో దండిగా ఉప్పు కలిపి, ప్రక్కన ఆవకాయ బద్దయో, కాల్చిన ఎండుచేపయో పెట్టిన ఇల్లాలు అతని దేహము కోరినదే పెట్టినది. ఉద్యోగ విరమణతో చెమట ఆగిపోయినది, అలవాటు ఆగలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు దినమునకు 5 గ్రాములకు లోపలనే, అనగా ఒక చిన్న చెంచాకు మించని ఉప్పు చాలునని చెప్పుచున్నది. ఒకనాడు శ్రమకు న్యాయమైన కూలివలె విస్తరిలోనికి వచ్చిన ఉప్పు, శ్రమ తీరిన పిదప కూడ అదే పరిమాణమున వచ్చుచున్నచో నాళములు ఆ భారమును మోయుచున్నవి. ఇది రుచికి బానిసలైనవారి కథ యని ఈసడించుట తగదు. చిరకాలపు కష్టజీవనము నాలుకపై విడిచిన అలవాటును సానుభూతితో మార్చవలసియున్నది.

రక్తము నాళపు గోడలను ఎంత బలముతో నెట్టునో తెలిసికొనుటకు మానవుడు పడిన శ్రమ చిన్నది కాదు. 1733లో స్టీఫెన్ హేల్స్ అను ఆంగ్ల మతాచార్యుడు ఒక గుఱ్ఱపు ధమనిలో గొట్టము నమర్చి, దానికి నిలువుగా గాజుగొట్టమును తగిలించి, రక్తము ఎనిమిది అడుగులకు పైగా ఎగసినట్లు లోకమునకు తెలిపెను. ధమనిని కోయకయే కొలుచు ఉపాయమును 1896లో ఇటలీ దేశీయుడగు రీవా-రోచ్చి, బాహువు చుట్టును గాలిపట్టీ బిగించి కనుగొనెను. 1905లో రష్యా దేశపు శస్త్రవైద్యుడు కొరొత్కోవ్ ఆ పట్టీ క్రింద చెవిగొట్టము నానించి, గాలి వదలుచుండగా మొదట వినవచ్చు చప్పుడు పై అంకెకును, చప్పుడు అణగుట క్రింది అంకెకును గుర్తులని తెలిపెను. చికిత్సా చరిత్రలో మన దేశమునకును ఒక అధ్యాయమున్నది. మన వైద్యులు తరతరములుగా ఎరిగిన సర్పగంధ వేరు రక్తపోటును తగ్గించుటను గూర్చి బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో ఒక ఆంగ్ల హృద్రోగ పత్రికలో వ్రాసిన పిమ్మట పాశ్చాత్యలోకము ఆ వేరు వంక చూచినది. గుఱ్ఱపుశాలలో మొదలైన కొలత వైద్యుని గదికి, అచ్చటనుండి గరివిడిలో ఒక ముసలమ్మ మంచము ప్రక్కనున్న గూటిలోనికి రెండున్నర శతాబ్దములకు పైబడిన ప్రయాణము చేసి వచ్చినది.

ఆ యంత్రము ఇంటికి రావలసిన అవసరమేమి? ఆసుపత్రిలో కొలిచినది చాలదా? వేకువనే లేచి, ఏమియు తినక, రైలు పట్టుకొని విజయనగరము చేరి, ఆటోలో కుదుపులు తిని, వరుసలో రెండు గంటలు నిలిచి, లోనికి పిలిచిన వెంటనే చేయి చాచిన వృద్ధుని అంకెలు అతని నిజజీవితమును ఎంతవరకు చెప్పగలవు? తెల్లకోటును చూచినంతనే పోటు పెరుగువారు కొందరు కలరు. వారికి అనవసరముగా మందులు పెరుగును. అచ్చట నెమ్మదిగానుండి ఇంట పెరుగువారును కలరు. వారి ప్రమాదము కనబడకయే పోవును. అందుచేతనే వైద్యులు ఆసుపత్రిలో 140/90 ని హద్దుగా చెప్పుచు, ఇంటి కొలతల సగటుకు 135/85 ని హద్దుగా పెట్టిరి. ఇక "వయసుకు వంద కలుపుకో, అంత ఉంటే తప్పులేదు" అని అరుగులమీద నేటికిని వినవచ్చు లెక్క ఒకటి కలదు. అది తప్పు. అరువదేండ్లు దాటినవారిలో పై అంకెను తగ్గించినచో పక్షవాతము మూడింట ఒక వంతుకు పైగా తగ్గునని 1991లో అమెరికాలోను, ఎనుబదేండ్లు దాటినవారిలో కూడ చికిత్స ఆయువును నిలుపునని 2008లో అనేక దేశములలోను జరిగిన పరిశోధనలు స్పష్టము చేసినవి. వయసు పోటుకు కారణము కావచ్చును. ఉపేక్షకు అది కారణము కారాదు.

మా పెద్దమ్మ కొలుచుకొను పద్ధతిని దగ్గర కూర్చుండి చూచినవాడను. వేకువ ముఖము కడిగి, కాలకృత్యములు తీర్చుకొని, టీ త్రాగకముందే, మాత్ర వేసికొనకముందే, వీపునకు గోడ ఆనునట్లు వేసిన కుర్చీలో ఆమె కూర్చుండును. పాదములు రెండును నేలకు ఆనవలెను. కాలుమీద కాలు వేయరాదు. ప్రక్కబల్లమీద మడత దుప్పటి పరచి, చేయి గుండె ఎత్తున నుండునట్లు దానిపై ఆనించును. చేయి క్రిందికి వ్రేలాడినచో అంకె అబద్ధముగా పెరుగును. పట్టీ రవికచేతిమీద గాక ఒంటిమీదనే చుట్టును. అయిదు నిమిషములు మౌనము. మనుమరాలు పలుకరించినను చేతితోనే సైగ. మొదటి కొలత, ఒక నిమిషము విరామము, రెండవ కొలత. సాయంకాలము మరల రెండు. వైద్యునియొద్దకు పోవుటకు ముందు ఏడు దినములు ఇట్లు కొలిచి, మొదటి దినపువి విడిచి, తక్కినవాని సగటు తీసినచో అది ఆమె రక్తపు నడవడికి నమ్మదగిన సాక్ష్యము. ఈ ప్రాంతపు ముసలమ్మలు కొందరు నిప్పు నోటిలోపలికి పెట్టి త్రాగు అడ్డపొగ ఆమెకును పూర్వము అలవాటు; చుట్ట త్రాగిన అరగంటలోపల కొలువరాదని చెప్పగా, "అయితే ఆ చుట్టే వద్దులే" యని ఆమె క్రమముగా మానివేసినది. నోటికిని గుండెకును కలిసివచ్చిన లాభమది.

ఆ అంకెలను ఆమె గోడనున్న తెలుగు క్యాలెండరు మీద వ్రాయును. ఒక గడిలో తిథి, నక్షత్రము, వర్జ్యము అచ్చుపడియుండగా, వాని ప్రక్కనే పాలవాని లెక్క, గ్యాసు బండ వచ్చిన గుర్తు, ఆ క్రింద వంకర అక్షరములతో 148/82, సాయంత్రము 136/78. పంచాంగము చూచి దినముల మంచిచెడ్డలు తెలిసికొను ఇంటిలో, తన దేహపు గతిని కూడ తానే వ్రాసికొనుట ఆమెకు సహజముగా కుదిరినది. పిమ్మట ఆసుపత్రికి పోయినప్పుడు ఆ కాగితము మడచి తీసికొనిపోయి, అల్లుడు నోరు తెరవకముందే తాను చాచి, "ఇదుగో బాబూ, నెల్లాళ్ళవి" యని చెప్పినది. వైద్యుడు కాగితమును చూచి, పిదప తలయెత్తి ఆమెతోనే మాటలాడెను.

అయినను ఇంట యంత్రమున్నంతమాత్రమున క్షేమము కలుగునని నేను చెప్పను. అంకె కొందరిని భయపెట్టును. ఒకసారి 160 కనబడినచో గుండె దడదడలాడును. ఆ దడలో మరల కొలిచినచో 170. అర్ధరాత్రి ఇల్లంతయు లేచి కూర్చుండును. అట్టి భయములో మరునాటి మాత్రను నేడే మ్రింగువారు కలరు. మరికొందరిని అంకె మభ్యపెట్టును. నాలుగు దినములు 125 వచ్చినంతనే "తగ్గిపోయింది కదా" యని మాత్ర మానివేయుదురు. తగ్గినది మాత్ర వలననే యని చెప్పువాడు దగ్గర లేడు. కొడుకు ప్రేమతో పంపిన యంత్రపు పట్టీ సన్నని చేతికి పెద్దదై తక్కువ చూపవచ్చును, లావు చేతికి చిన్నదై ఎక్కువ చూపవచ్చును. మణికట్టుకు కట్టునవి ఇంకను నిలుకడ లేనివి. నాడి క్రమము తప్పినవారిలో యంత్రము పొరపడవచ్చును. ఇవన్నియు తెలిసి, నెలకొకసారి తప్పక కలిసికొను మనిషి ఎవడు? నగరపు నిపుణుడు మూడు నెలలకొకమారు మూడు నిమిషములు చూచును. మందుల దుకాణము మాత్రము నెలనెల తప్పని మజిలీ.

ఒకనాడు మా పెద్దమ్మతో కూడ అట్టి దుకాణమునకు పోయితిని. బల్ల వెనుక ఫార్మసీ చదివిన యువకుడొకడుండెను. ఆమె మందుల చీటితోబాటు క్యాలెండరు కాగితము కూడ చాచినది. అతడు చీటిని ప్రక్కన పెట్టి కాగితమును ముందు చదివెను.

"అమ్మా, ఈ పది రోజుల్నుంచే పొద్దుటి పై అంకె పెరిగింది. ఈమధ్య కొత్తగా ఏ మాత్రైనా వేసుకుంటున్నారా?"

"ఏటీ లేదు నాయనా. మీరిచ్చినవే."

"మోకాళ్ళ నొప్పులకి?"

"అదా? అది బీపీ మందు కాదు కదా! పక్కింటోళ్ళు తెచ్చి పెట్టారు. ఏసుకుంటే హాయిగా ఉంటాది."

ఇట్లనుచు ఆమె కొంగుముడి విప్పి, సగము ఖాళీ అయిన రేకు తీసినది. డైక్లోఫెనాక్. ఆ జాతి నొప్పి మాత్రలు ఒంటిలో ఉప్పును, నీటిని నిలిపి పోటును పెంచుననియు, కొన్ని బీపీ మందుల బలమును తగ్గించుననియు, మూత్రపిండములకు చేటు చేయుననియు అతడు కసరక, తొందరపడక, ఆమె భాషలోనే చెప్పెను. శ్రీకాకుళము జిల్లాలోని ఉద్దానపు కిడ్నీ వ్యాధిని గూర్చి వినని ఇల్లు ఈ ప్రాంతమున లేదు. కిడ్నీ యను మాట విన్నంతనే ఆమె ఆ రేకును బల్లమీద విడిచినది. అతడు ఆమె ఎదుటనే ఆమె వైద్యునకు ఫోను చేసి చెప్పెను. వైద్యుడు నొప్పికి వేరొక మందు చెప్పెను. బీపీ మాత్ర పెంచవలసిన పని లేకయే తరువాతి వారముల అంకెలు పూర్వస్థితికి వచ్చినవి. ఆ యువకుడు ఇంకొకటి కూడ అడిగెను: "మంచం మీంచి లేచినప్పుడు కళ్ళు తిరుగుతున్నాయా?" కూర్చుండి కొలిచిన పిమ్మట లేచి నిలుచుండి మూడు నిమిషములలోపల కొలిచినచో పై అంకె 20 గాని అంతకెక్కువ గాని పడిపోయినయెడల వెంటనే తెలుపవలెనని చెప్పెను. వృద్ధులకు పోటు పెరుగుట ఎంత ప్రమాదమో, లేచినంతనే పడిపోయి తుంటి ఎముక విరుగుట అంత ప్రమాదము.

ఫార్మసిస్టు విద్య ఇట్టి చోటనే శోభించును. ఆమ్లోడిపిన్ వాడువారి చీలమండలు వాచుట, కొన్ని మందులకు పొడిదగ్గు వచ్చుట, ఒకే మందు రెండు పేర్లతో రెండు చీటీలలోనుండి ముసలివాడు రెండును మ్రింగుట, ఎండలు ముదిరి నీరు తక్కువైన దినములలో మూత్రము పోయించు మాత్ర నీరసమును పెంచుట, ఇవన్నియు అతడు చదివిన చదువులోనివే. అమెరికాలో మినెసోటా రాష్ట్రమున 450 మందితో జరిగి 2013లో ప్రకటింపబడిన పరిశోధనలో, ఇంట కొలిచిన అంకెలను ఫార్మసిస్టులకు పంపి వారి సలహా పొందినవారిలో ఆరవ నెలలోను పండ్రెండవ నెలలోను కూడ పోటు అదుపులోనున్నవారు నూటికి 57 మంది. మామూలు వైద్యము పొందినవారిలో 30 మంది. లాస్ ఏంజెలెస్ నగరమున 52 క్షౌరశాలలలో నల్లజాతి పురుషులు 319 మందితో జరిగిన పరీక్ష 2018లో వెలువడినది. ఫార్మసిస్టులే ఆ క్షౌరశాలలకు పోయి, వైద్యులతో చేసికొన్న ఒడంబడిక ప్రకారము మందులిచ్చినచోట ఆరు నెలలలో పై అంకె సగటున 27 తగ్గినది. మంగలి మాటతో వైద్యునియొద్దకు పొమ్మని మాత్రము ప్రోత్సహించినచోట 9 తగ్గినది. రెండు చోట్లను మందులు కొత్తవి కావు. మనుష్యులు నమ్మి పోవు చోటికి విద్య నడచివచ్చినది, అంతియే భేదము.

మనకు విద్య లేదా? ఉన్నది. కాశీ హిందూ విశ్వవిద్యాలయమున 1932లో మొదలైన ఫార్మసీ విద్య మన విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు వచ్చి చిరకాలమైనది. విజయనగరములోను ఫార్మసీ కళాశాల కలదు. 1948 నాటి ఫార్మసీ చట్టము అర్హుడైనవాడే మందు ఈయవలెనన్నది. 2015 నాటి నిబంధనలు రోగికి మందును గూర్చి వివరించి చెప్పుట ఫార్మసిస్టు కర్తవ్యమని వ్రాసినవి. అయినను పెక్కు చోట్ల పట్టా గోడకు వ్రేలాడుచుండును, పట్టా గలవాడు వేరొక ఊర నుండును, బల్ల వెనుక పదవ తరగతి తప్పిన కుర్రవాడు రేకులను కత్తిరించి సంచిలో వేయుచుండును. ప్రభుత్వము తన వంతు చేయకపోలేదు. పల్లెకు వచ్చు 104 బండి బీపీ మాత్రలను వాకిటికి తెచ్చినది. ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు ఇంటింట కొలుచుచున్నారు. పొరుగున తెలంగాణమున 2017 చివరనుండి భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమము నియమితమైన మందులతో, పేరు పేరున పుస్తకములతో రోగిని వెన్నంటి పోవుట నేర్పినది. ఈ గొలుసులో ఇంటి కొలతను, ఊరి ఫార్మసిస్టును చేర్చుటకు మహాభవనములు అక్కరలేదు. దుకాణమున రెండు కుర్చీలు, సరిచూచిన యంత్రమొకటి, అడుగు ఓపిక, దానికి తగిన ప్రతిఫలము చాలును. ప్రతిఫలమను మాట నేను కావలెననియే అనుచున్నాను. మాత్రల అమ్మకము మీదనే బ్రతుకవలసినవానిని మాత్రలు తగ్గింపుమని అడుగుట న్యాయము గాదు. అతని సలహాకు వెల కట్టినప్పుడే అతని విద్యకు గౌరవము.

హద్దులు కూడ చెప్పవలెను. ఫార్మసిస్టు వైద్యుడు కాడు. మాత్ర మోతాదు మార్చుట వైద్యుని ఆజ్ఞలేక జరుగరాదు. 180/120 దాటిన అంకె కనబడినచో నెమ్మదిగా కూర్చుండి మరల కొలిచి, అట్లే ఉన్నచో వైద్యునకు తెలుపవలెను. దానితోబాటు రొమ్మునొప్పి, ఆయాసము, చూపు మసకబారుట ఉన్నను, అంకె ఎట్లున్నను మూతి వంకరపోవుట, చేయి పడిపోవుట, మాట ముద్దగుట కనబడినను దుకాణమును గూర్చి తలపక 108కి ఫోను చేయవలెను. ఈ హద్దులెరిగిన ఫార్మసిస్టు వైద్యునకు పోటీ కాడు. వైద్యుడు చూడలేని తక్కిన దినములకు కావలి.

దూరదేశములనుండి తలిదండ్రులకు యంత్రములు పంపు కుమారులకును, కుమార్తెలకును నా విన్నపము. యంత్రము పంపుట మంచిదే. సెలవులకు వచ్చినప్పుడు అంతకంటె మంచి పని యొకటి చేయుడు. మీ తండ్రిని వెంటబెట్టుకొని ఊరి మందుల దుకాణమునకు పొండు, చదివినవాడెవడో కనుగొనుడు, "మా నాన్నగారు ఇంట్లో కొలుచుకుంటారు, ఆ కాగితం మీకు చూపిస్తారు, మీరు చెప్పండి" అని పరిచయము చేసి, మాటలాడుట మీ తండ్రికే విడిచిపెట్టుడు. చదివినవాడు లేకున్నచో "లేడేమి?" యని అడుగుడు, పదిమంది అడిగిన ఊరిలో సమాధానము పుట్టక తప్పదు. ఫార్మసీ చదువుచున్న యువతీయువకులారా, కర్మాగారములును, మందుల కంపెనీలును మాత్రమే మీ విద్యకు గమ్యములని తలపకుడు. ఈ దేశమునకు ఇనుమును గట్టిపరచు లోహమును కరిగించి ఇచ్చిన చేతులు మీ బల్లమీద క్యాలెండరు కాగితమును పరచుటకు సిద్ధముగా నున్నవి. దానిని చదువగలవారు మీరే. చదువుట మీరు నేర్చిన విద్య వారికి పడిన ఋణము.